యావరేజ్ ఎవడిక్కావాలి, మాక్స్ ఎంతో చెప్పు

ఈ వారమంతా మోటార్ కంట్రోల్ పీసీ మీద సైక్లిక్‌టెస్ట్ అనే లేటు కొలిచే ప్రోగ్రామ్ నడపడమే పని. ఫలానా టైముకి లేపమని కెర్నల్‌కి (లినక్స్ గుండెకాయ) చెప్పి పడుకుంటుంది, లేచాక ఎన్ని మైక్రోసెకండ్లు లేటయిందో రాసుకుంటుంది, అంతే. మాకు కావాల్సింది అందులో మాక్స్, అంటే అన్నిటికన్నా ఎక్కువైన లేటు. లినక్స్ 6.12 నుంచి ప్రీఎంప్ట్ ఆర్‌టీ (అనుకున్న టైముకే పని జరిగేలా చూసే రియల్‌టైమ్ మోడ్) మెయిన్ కెర్నల్లోనే ఉంది కాబట్టి విడిగా ప్యాచ్‌లు వేసే గోల లేదు, నంబర్లు కూడా ముచ్చటగా వచ్చాయి.

కానీ అసలు అప్లికేషన్ పెడితే మాత్రం లేటే! చూస్తే విషయం ఏంటంటే, సైక్లిక్‌టెస్ట్ తను నడుస్తున్నంతసేపూ సీపీయూని గాఢనిద్రలోకి పోనివ్వదు, సీపీయూ డీఎంఏ లేటెన్సీ ఫైల్ తెరిచి సున్నా రాసి (లేవడానికి అస్సలు ఆలస్యం వద్దని) పట్టుకుని కూర్చుంటుంది, ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు స్కూల్ లాగా అన్నమాట. మన అప్లికేషన్‌కి ఆ భోగం లేదుగా, సీ-స్టేట్ (అదే, ఆ సీపీయూ నిద్ర) లోంచి లేచేసరికే పుణ్యకాలం కాస్తా అయిపోతోంది. ఇప్పుడు మా ప్రోగ్రామే ఆ ఫైల్ తెరిచి పెట్టుకుంటోంది, కరెంటు కాస్త ఎక్కువ తాగుతుంది, తాగనీ.

కెర్నల్‌తోనే వచ్చే ఇంకో లేటు కొలిచే సాధనం, టైమర్‌లాట్, నాకు ఇంకా నచ్చింది, ఇంటరప్ట్ (పని ఆపి ఇటు చూడమని సీపీయూకి వచ్చే పిలుపు) దగ్గర ఎంత పోయింది, ఆ తర్వాత పని చేసే థ్రెడ్ లేవడానికి మొత్తం ఎంతైంది, విడివిడిగా చూపిస్తుంది, ఎవర్ని తిట్టాలో తెలుస్తుంది.

అయినా ఎప్పుడో ఓసారి ఓ పెద్ద స్పైక్. అది ఎస్ఎంఐ (సిస్టమ్ మేనేజ్‌మెంట్ ఇంటరప్ట్), బోర్డు మీదుండే బయోస్ వాడి సొంత ఇంటరప్ట్, కెర్నల్‌కి చెప్పాపెట్టకుండా సీపీయూని లాక్కుపోతుంది, ఎవరికి ఎప్పుడు సీపీయూ ఇవ్వాలో చూసే షెడ్యూలర్‌ని ఎంత ట్యూన్ చేసినా ఏం లాభం. ఇలాంటి హార్డ్‌వేర్ లేట్లని పట్టే హెచ్‌డబ్ల్యూలాట్‌డిటెక్ట్‌లో మాత్రం దొరికిపోయింది. బోర్డు కంపెనీకి మెయిల్ కొట్టా, చూద్దాం ఏమంటారో.