తెలుగులోకి మారితే ఆగిపోయిన షార్ట్‌కట్‌లు: ఐ3తో నా అనుభవం

రాత్రి పదకొండు దాటింది. నా లినక్స్ కంప్యూటర్‌లో, తెలుగు వికీసోర్స్‌లో ఒక పాత పుస్తకం పేజీలు దిద్దుతున్నాను. మధ్యలో ఒక ట్యాగ్ పెట్టాల్సి వచ్చింది. ఇంగ్లీషుకు మారదామని విండోస్ కీ పట్టుకుని ఇ నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంకోసారి నొక్కాను, అంతే. ఫుల్ స్క్రీన్ కోసం ఎఫ్ నొక్కినా పలకలేదు. విండోస్ కీతో ఎంటర్ కొడితే మాత్రం కమాండ్‌లు కొట్టే విండో, టెర్మినల్, తెరుచుకుంది. హమ్మయ్య అనుకుని కమాండ్ కొట్టబోతే అక్కడా తెలుగు అక్షరాలే పడ్డాయి. ఇంగ్లీషుకు మార్చే కమాండ్‌ను ఇంగ్లీషులోనే కొట్టాలి కదా. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టయింది.

చివరికి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కి, విండోలేవీ లేకుండా అక్షరాలే కనిపించే టెక్స్ట్ కన్సోల్‌కి వెళ్లాను. దాని కీబోర్డ్ అమరిక వేరు కాబట్టి అక్కడ ఇంగ్లీషే వస్తుంది. లాగిన్ అయి, కీబోర్డ్ అమరికను మార్చే సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ అనే కమాండ్‌తో నా డిస్‌ప్లేకి ఇంగ్లీషు అమరికను, అంటే యూఎస్ లేఅవుట్‌ను, తెప్పించుకుని వెనక్కి వచ్చాను. ఆ రాత్రి ఇక పేజీ దిద్దలేదు. ఇలా ఎందుకయిందో తేల్చుకోవాలని కూర్చున్నాను.

నేను వాడేది ఐ3. మైఖేల్ స్టాపెల్‌బర్గ్ 2009లో మొదలుపెట్టిన టైలింగ్ విండో మేనేజర్ ఇది, అంటే తెర మీద విండోలను అమర్చే ప్రోగ్రామ్. విండోలు ఒకదాని మీద ఒకటి పడకుండా నాపరాళ్లు పరిచినట్టు పక్కపక్కన అమరుతాయి. దాదాపు అన్ని పనులూ కీబోర్డ్‌తోనే సాగుతాయి. అందుకే షార్ట్‌కట్‌లు పోతే చేతులు కట్టేసినట్టే ఉంటుంది.

నేను చేసుకున్న ఏర్పాటు ఇదీ: ఒక షార్ట్‌కట్ నొక్కితే ఉన్న లేఅవుట్ తీసేసి తెలుగు పెడుతుంది, ఇంకోటి నొక్కితే తెలుగు తీసేసి యూఎస్ పెడుతుంది. ఆ మధ్యే తెలుగుకు మారే షార్ట్‌కట్‌ను ఎఫ్9కీ, తిరిగి రావడాన్ని ఇ మీదికీ మార్చాను. తప్పు అక్కడే జరిగింది. ఎక్స్‌ఈవీ అనే చిన్న ప్రోగ్రామ్ నడిపి, కె నొక్కి చూశాను. ఇంగ్లీషులో ఉంటే కీకోడ్ (ఆ కీ నంబరు) 45, పేరు కె అని చూపించింది. తెలుగులో నొక్కితే కీకోడ్ అదే 45, పేరు మాత్రం యూ0సీ15. అది యూనికోడ్‌లో మన ‘క’. ఐ3లో బైండ్‌సిమ్ అని రాసే షార్ట్‌కట్‌లు పేరును బట్టి పనిచేస్తాయి. తెలుగు లేఅవుట్ ఒక్కటే ఉన్నప్పుడు ఇ అనే పేరు గల కీ కీబోర్డ్ మొత్తంలో ఎక్కడా లేదు. ఇక అది ఎలా పలుకుతుంది? ఎంటర్‌కి ఏ లేఅవుట్‌లోనైనా అదే పేరు, అందుకే అది పనిచేసింది.

నేను టైప్ చేసేది ఇన్‌స్క్రిప్ట్‌లో. భారతీయ లిపుల కోసం చేసిన 1991 నాటి ఇస్కీ ప్రమాణంలో ఉన్న అమరిక ఇది: గుణింతాలు, అచ్చులు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి. ‘అమ్మ’ అని కొట్టాలంటే షిఫ్ట్‌తో డి, తర్వాత సి, డి, సి. డి మీద పొల్లు ఉంటుంది, షిఫ్ట్ పడితే అ. కె మీద క దొరకడం కాకతాళీయమే, హెచ్ మీద ప, జె మీద ర ఉంటాయి. నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది. ఇంగ్లీషు స్పెల్లింగు ఊహించుకుంటూ తెలుగు రాయడం కన్నా ఇదే నాకు హాయి. షార్ట్‌కట్‌ల కోసం దీన్ని వదులుకోదలచుకోలేదు.

దారి ఐ3 యూజర్ గైడ్‌లోనే దొరికింది. లేఅవుట్‌ను తీసి ఇంకోటి పెట్టకుండా రెండింటినీ ఒకేసారి ఇవ్వాలి. మొదట యూఎస్, తర్వాత ఇన్ (భారతీయ భాషలది). ఈ వరసలోని లేఅవుట్లను, కీబోర్డ్ సంగతి చూసే ఎక్స్‌కేబీ, గ్రూపులంటుంది. మొదటిది గ్రూప్1, రెండోది గ్రూప్2. మామూలు షార్ట్‌కట్‌లను ఐ3 గ్రూప్1లో చూసి ఏ కీనో గుర్తుపట్టి, అన్ని గ్రూపుల్లోనూ పలికేలా చేస్తుంది. అంటే తెలుగులో ఉన్నా ఎఫ్ కీ ఎఫ్ పనే చేస్తుంది. యూఎస్‌ను ముందు పెట్టడం అందుకే ముఖ్యం. వరస తిరగేస్తే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

ఇక్కడ ఒక కామా దగ్గర గంట పోయింది. భాష పేరును, లేఅవుట్‌లో ఏ రకమో చెప్పే వేరియంట్ దగ్గర ఇవ్వాలి, తెలుగుకు ‘టెల్’. నేను ఉత్త టెల్ అని రాస్తే లేఅవుట్ లోడ్ కాలేదు, ఎర్రర్ వచ్చింది. లేఅవుట్లు రెండయినప్పుడు వేరియంట్లు కూడా రెండు ఇవ్వాలి. నేనిచ్చిన ఒక్కటీ మొదటిదైన యూఎస్‌కు తగిలింది. యూఎస్‌లో తెలుగు ఎక్కడిది? ముందు ఒక కామా పెట్టి టెల్ అని రాస్తే, మొదటిదానికి ఏమీ లేదు, రెండోదానికి తెలుగు అని అర్థం. ఆ కామా పెట్టగానే కుదిరింది.

అటూ ఇటూ మారడానికి మొదట విండోస్ కీతో స్పేస్ పెట్టుకున్నాను. కానీ ఐ3 మామూలు కాన్ఫిగ్‌లో ఆ రెండు కీలకూ వేరే పని ఉంది, తేలే విండోల మీదికీ పరిచిన విండోల మీదికీ ఫోకస్ మార్చడం. రెండూ తగువుకు దిగాయి. చివరికి క్యాప్స్ లాక్‌ను భాష మార్చే కీగా చేసి, దాని లైటు కూడా రెండో గ్రూపుకే ఇచ్చాను. ఇప్పుడు లైటు వెలిగితే తెలుగు. స్క్రీన్ మూల వెతుక్కోనక్కర్లేదు.

ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. ఆ ఆదివారం చెల్లి మా ఇంటికొచ్చి ఏదో ప్రింట్ తీసుకోవాలంది. నేను వంటింట్లో ఉండి పాస్‌వర్డ్ చెప్పాను. “అన్నయ్యా, తీసుకోవట్లేదు, ఎర్రగా తప్పంటోంది” అని మూడుసార్లు పిలిచింది. వెళ్లి చూస్తే క్యాప్స్ లైటు వెలుగుతోంది. నేను తెలుగులో ఉండగానే స్క్రీన్ లాక్ చేసి లేచాను. పాస్‌వర్డ్ పెట్టెలో చుక్కలే కనిపిస్తాయి కాబట్టి పడేవి తెలుగు అక్షరాలని పిల్లకేం తెలుస్తుంది? ప్రోగ్రామ్‌లు తెరవడానికి విండోస్ డి నొక్కితే వచ్చే డీమెనూతోనూ ఇదే బాధ. ప్రోగ్రామ్ పేరు కొట్టబోతే తెలుగు పడుతుంది, ఏదీ దొరకదు.

అంటే అన్ని షార్ట్‌కట్‌లూ రెండు భాషల్లో ఒకేలా ఉంటే చాలదు. కొన్ని తెలుగులో వేరుగా ఉండాలి. గ్రూప్2 అని ముందు పెట్టి రాస్తే ఆ షార్ట్‌కట్ తెలుగులో ఉన్నప్పుడే పలుకుతుంది, మామూలుదాన్ని పక్కకు నెడుతుంది. గ్రూప్2, విండోస్, డి అని బైండ్‌సిమ్‌తో రాశాను. ఎర్రరూ రాలేదు, ఫలితమూ లేదు, పాత డీమెనూయే తెరుచుకుంది. గ్రూప్2 అన్నాక పేరును కూడా ఆ గ్రూపులోనే వెతుకుతుందని కాసేపటికి తట్టింది. తెలుగులో డి అనే పేరు లేదు, అక్కడుంది పొల్లు. పేరు బదులు నంబరును చూసే బైండ్‌కోడ్‌తో, డి కీకోడ్ 40 అని రాస్తే పనిచేసింది. ఇప్పుడు తెలుగులో ఉండి విండోస్ డి నొక్కితే, ఎక్స్‌కేబీ-స్విచ్ అనే చిన్న ప్రోగ్రామ్ ముందు యూఎస్‌కు మారుస్తుంది, ఆ తర్వాత డీమెనూ తెరుచుకుంటుంది. లాక్‌కూ ఇదే పద్ధతి పెట్టాను.

ఆ తర్వాత చేసుకున్నదే నాకు అన్నిటికన్నా ఇష్టం. ఇంగ్లీషులో విండోస్ వి నొక్కితే తర్వాతి విండో కిందికి పరుచుకుంటుంది. అదే కీ మీద తెలుగులో ‘న’ ఉంది. నిఘంటువుకు అంతకన్నా మంచి అక్షరం ఏముంటుంది! దీనికి బైండ్‌సిమ్‌లోనే గ్రూప్2, విండోస్, యూ0సీ28 అని రాశాను. పాత పుస్తకంలో తెలియని మాట తగిలితే న నొక్కుతాను, ఆంధ్రభారతి నిఘంటువు పక్కన తెరుచుకుంటుంది. భాష మార్చక్కర్లేదు, మాట కొట్టి చూసుకోవడమే. రాత్రికి పది పన్నెండుసార్లు నొక్కుతాను.

తర్వాత ఇంకొక్క ఇబ్బంది వచ్చింది. యూఎస్‌బీ కీబోర్డ్ పీకి మళ్లీ గుచ్చితే తెలుగు మాయమయ్యేది. సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్‌తో పెట్టినవి కొత్తగా తగిలించిన కీబోర్డ్‌కు అంటవు. డెబియన్ లినక్స్‌లో ఈటీసీ కింద, డిఫాల్ట్ డైరెక్టరీలో కీబోర్డ్ అనే ఫైలుంది. లేఅవుట్, వేరియంట్, ఆప్షన్‌లు అందులో రాసి రీస్టార్ట్ చేశాక ఆ సమస్య లేదు. ఐ3 లాంటిదే అయిన స్వేకి మారాలనుకునేవాళ్లకు ఒక్క మాట: అక్కడ బైండ్‌సిమ్ పక్కన ‘టు-కోడ్’ అనే ఆప్షన్ ఇస్తే షార్ట్‌కట్ మొదటి లేఅవుట్‌ను బట్టి కీకోడ్‌గా మారుతుంది. ఇవ్వకపోతే తెలుగులో ఉన్నప్పుడు అక్షరాల షార్ట్‌కట్‌లు పలకవు.

టెర్మినల్‌లో విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ తెరిచినప్పటి సంగతి ఇంకా తేలలేదు. తెలుగులో ఉంటే దాని కమాండ్‌లేవీ పనిచేయవు, అది ఐ3 చేతిలో ఉన్నదీ కాదు. విమ్‌లో ల్యాంగ్‌మ్యాప్ అనే సెట్టింగ్ ఉంది, ఈ వారం దాంతో కూర్చుంటాను. సంక్రాంతికి చెల్లి మళ్లీ వచ్చినప్పుడు, అడగకుండానే వెళ్లి పాస్‌వర్డ్ కొట్టి ప్రింట్ తీసుకుంది.