సర్వీస్ మారాలంటే ముందు పట్టు మారాలి

విజయవాడలో పొద్దున్నే టెన్నిస్ కోర్టు పక్కన కాసేపు నిలబడి చూడండి. పాయింటును మొదలుపెట్టే సర్వీస్‌కు రెండు అవకాశాలుంటాయి. మొదటి సర్వీస్ బలంకొద్దీ బాదుతారు, అది నెట్‌కో తగులుతుంది, గీత బయటో పడుతుంది. రెండోది బతిమాలినట్టు అవతలికి నెడతారు. ఏళ్ల తరబడి ఆడుతున్నవాళ్లదీ ఇదే వరస. ఫోర్‌హ్యాండ్ బాగుంటుంది, నెట్ దగ్గర చురుగ్గా ఉంటారు, సర్వీస్ దగ్గరికి వచ్చేసరికి చతికిలబడతారు. బలం చాలక కాదు, రాకెట్‌ను అట్లకాడలా పట్టుకోవడం వల్ల.

లెక్క వేస్తే సంగతి తేలిపోతుంది. బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) నుంచి నెట్‌కు 11.885 మీటర్లు, నెట్ నుంచి సర్వీస్ గీతకు 6.40. నెట్ ఎత్తు మధ్యలో 0.914. తిన్నగా దూసుకుపోయే బంతి నెట్ దాటి, ఆ గీతకు ఇవతలున్న సర్వీస్ బాక్సులో పడాలంటే 2.6 మీటర్లకు పైన రాకెట్‌కు తగలాలి, అదీ నెట్‌ను దాదాపు రాసుకుంటూ పోతేనే. ఐదడుగుల ఆరంగుళాల మనిషి చెయ్యంతా చాచి కొట్టినా 2.5 దగ్గరే ఆగుతాడు. మన ఉయ్యూరులో పుట్టిన టెన్నిస్ ఆటగాడు సాకేత్ మైనేనిలా ఆరడుగులు దాటినవాళ్లకు ఆ వెసులుబాటు ఉంటుంది. మిగతావాళ్లకు బంతిని కిందికి దించేవి రెండే: గురుత్వాకర్షణ, స్పిన్. మొదటిదాన్నే నమ్ముకుంటే మెల్లగా కొట్టాలి. స్పిన్ కావాలంటే పట్టు మార్చక తప్పదు.

పిడికి ఎనిమిది పలకలుంటాయి. ఫ్రేమ్ అంచు పైకి చూసేలా రాకెట్ పట్టుకుంటే పైనున్నది ఒకటో పలక, దానికి కుడిపక్కన ఏటవాలుగా ఉన్నది రెండోది. చూపుడువేలు అరచేతిలో కలిసే చోటి కణుపు ఆ రెండో పలక మీద కూర్చోవాలి. ఇదే కాంటినెంటల్ గ్రిప్. ఎడమచేతివాటం వాళ్లు ఎడమపక్క పలక తీసుకోవాలి, కింద చెప్పే కుడి ఎడమలూ వాళ్లకు తారుమారు. అట్లకాడ పట్టులో ఆ కణుపు మూడో పలక మీదో, నాలుగో పలక మీదో ఉంటుంది, అంటే ఫోర్‌హ్యాండ్ పట్టే. ఓవర్‌గ్రిప్ (పిడి మీద చుట్టే పలచటి పట్టీ) చుట్టేముందు రెండో పలక మీద సన్నటి టేపు ముక్క అంటించుకోండి. స్కోరు 30-40కి వచ్చి గేమ్ పోయేలా ఉన్నప్పుడు చెయ్యి తనకు తెలీకుండానే పాత చోటికి జారుతుంది, కిందికి చూడకుండానే దాన్ని పట్టిచ్చేది ఆ టేపే.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కొత్త పట్టుతో కొట్టిన మొదటి బంతులన్నీ ఎడమవైపు, పక్క కోర్టులోకి పోతాయి. నూటికి తొంభైమంది ఇక్కడే వదిలేస్తారని నా అనుమానం. పట్టును కాస్త వెనక్కి తిప్పితే బంతి మళ్లీ తిన్నగా వెళ్తుంది, ప్రాణం హాయిగా ఉంటుంది, మార్పు అక్కడితో సరి. బంతి ఎడమకు పోతోందంటే పట్టు తప్పని కాదు, ముంజేయి ఇంకా తిరగడం లేదని. రాకెట్ అంచుతో బంతిని కోయబోతున్నట్టు పైకి వెళ్లాలి, చివరి క్షణంలో ముంజేయి బయటికి తిరిగి తీగలు బంతికి ఎదురవ్వాలి. కొట్టాక అక్కడే ఆగి చూసుకోండి: బంతిని కొట్టిన ముఖం కుడివైపు కంచెను చూస్తుండాలి, బొటనవేలు కిందికి ఉండాలి.

దీన్ని బేస్‌లైన్ నుంచి మొదలుపెట్టకూడదు. సర్వీస్ గీత దగ్గర నిలబడి, రాకెట్‌ను ముందే భుజం మీద పెట్టుకుని, సగం బలంతో ఎదుటి బాక్సులోకి ఇరవై బంతులు వేయండి. చప్పుడు వినండి: బల్లపరుపుగా తగిలితే ‘ఠప్’మంటుంది, స్పిన్ పడితే రాసుకుపోయినట్టు వినిపిస్తుంది. ఇరవైలో పద్నాలుగు పడుతుంటే బేస్‌లైన్‌కు సగం దూరం వెనక్కి జరగండి, అక్కడా అంతే పడ్డాకే బేస్‌లైన్. అన్ని బంతులూ నెట్‌లోకే పోతుంటే సాధారణంగా టాస్, అంటే కొట్టడానికి పైకి ఎగరేసే బంతి, మరీ ముందుకు పడుతుండాలి, లేదా తల ముందే దించేస్తుండాలి. వెనక కంచెకు తగులుతుంటే టాస్ తల వెనక్కి పోతోంది. టాస్ వేసి కొట్టకుండా వదిలేయండి, బంతి గీతకు ఓ అడుగు లోపల పడాలి.

మన దగ్గర ఇంకో రెండు చూసుకోవాలి. కోర్టులు ఎక్కువగా ఉత్తర దక్షిణాలుగా వేస్తారు. దక్షిణం చివర సర్వీస్‌కు పక్కకి తిరిగిన కుడిచేతివాటం ఆటగాడి ఛాతీ తూర్పు వైపుంటుంది, పొద్దుటి ఎండ సరిగ్గా కళ్లలో కొడుతుంది. బంతి కనబడక టాస్ అటూ ఇటూ మార్చేస్తారు, నేర్చుకున్నదంతా చెడుతుంది. పొద్దున ఉత్తరం చివర నుంచి, సాయంత్రం దక్షిణం చివర నుంచి సాధన చేస్తే ఈ బాధ లేదు. రెండోది ఉక్కపోత. చెయ్యి చెమటకు జారుతుంటే పిడిని బిగించేస్తాం, బిగిస్తే ముంజేయి తిరగదు. పదిలో మూడు నాలుగు వంతుల బలంతో పట్టుకున్నా రాకెట్ నిలవాలి. వేసవిలో ఓవర్‌గ్రిప్ నున్నబడగానే మార్చేయండి, పొదుపు చేయాల్సిన వస్తువు కాదది.

నాలుగైదు వారాలు పాయింట్లు లెక్కపెట్టే ఆట మానేస్తే మంచిది. డబుల్స్ జట్టు ఒప్పుకోకపోతే పార్ట్‌నర్‌కు ముందే చెప్పేయండి, లేకపోతే మూడో గేమ్‌కల్లా “ఏంటి గురూ, ఇవాళ అన్నీ డబుల్ ఫాల్టులే” అనే మాట పడాల్సిందే (రెండు సర్వీసులూ తప్పితే అది డబుల్ ఫాల్ట్). ఆటలో పెట్టేటప్పుడు కొత్త పట్టును రెండో సర్వీస్‌తో మొదలుపెట్టాలి, మొదటిది ఎలాగైనా కొట్టుకోండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు: మొదటిది కొత్తగా, రెండోది భయంతో పాతగా. అలా చేస్తే చెయ్యి నమ్మేది పాతదాన్నే. ఈ వారాల్లో టాస్, కాళ్లు, రాకెట్ ఏదీ కొత్తగా మార్చొద్దు, లేదంటే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలీదు. ఫోన్‌ను వెనక కంచెకు ఆనించి స్లో మోషన్‌లో వారానికోసారి పది సర్వీసులు తీసుకుంటే చాలు. మోచేతి బయటివైపు నొప్పి మొదలైతే మాత్రం ఆపేయండి. తగ్గాక తీగలు కట్టించేటప్పుడు బిగువు రెండు మూడు పౌండ్లు తగ్గించి వదులు చేయించండి. పాలిస్టర్ తీగలైతే తీసేసి మెత్తటివి వేయించుకోవడమే నయం.