వెనిస్‌లో ఇద్దరు కలిసి నడవాలంటే

వెనిస్‌లో ఫోన్ మ్యాప్‌ని మరీ నమ్ముకోవద్దు. సందులు ఇరుకు, గోడలు ఎత్తు. సిగ్నల్ అటూ ఇటూ గెంతి, నీలిచుక్క మిమ్మల్ని కాలువ అవతల నిలబెడుతుంది. అక్కడికి పోవడానికి వంతెన ఉండాలిగా! ఒకరు ఫోన్ చూస్తుంటే రెండోవాళ్ళు తలెత్తి గోడల మీది పసుపు బోర్డులు చూడండి: 'పెర్ రియాల్టో' (రియాల్టో వంతెన వైపు), 'పెర్ సాన్ మార్కో' (సాన్ మార్కో చౌకు వైపు). బాణం రెండువైపులా ఉన్నా కంగారొద్దు, రెండు దారులూ అక్కడికే.

అడ్రసు మాత్రం తలనొప్పే. ఇంటి నంబర్లు వీధిని బట్టి ఉండవు. ఊళ్ళో 6 పేటలు, ఒక్కో పేట మొత్తానికీ ఒకటే వరుస, వేలల్లో సాగుతుంది. అందుకే బస చేసే చోటివాళ్ళని పేట పేరు, నంబరు, దగ్గర్లోని చర్చి పేరు కూడా అడిగి రాసుకోండి.

ఊరి పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్ మీద వంతెనలు 4 మాత్రమే. వాటి మధ్యలో దాటాలంటే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి చేర్చే ట్రగెట్టో పడవ ఉంది, షికారు పడవ గొండోలా ధరలో పిసరంతే. రైల్వే స్టేషన్ నుంచి సాన్ మార్కోకి ఆగకుండా నడిస్తే అరగంట నుంచి ముప్పావుగంట. ఆగకుండా ఎవరు నడుస్తారు లెండి!

సందుల్లో కుడిపక్కగా, ఒకరి వెనక ఒకరు నడవాలి. చేతులు పట్టుకుని దారికి అడ్డంగా సాగితే వెనకున్న స్థానికులు విసుక్కుంటారు, వాళ్ళు పనిమీద పోతుంటారు మరి. చక్రాల సూట్‌కేసు ఉందా? ప్రతి వంతెన మెట్ల దగ్గరా ఇద్దరూ చెరోవైపు పట్టి మోయాల్సిందే.