పాత బేస్ గిటారులో లేని మూడు స్క్రూలు

మా చర్చిలో చాలా ఏళ్లుగా బీరువా వెనుక నిలబెట్టి ఉంచిన జపాన్ బేస్ గిటారును, బాగుచేసి వాయించమని పెద్దలు ఈ వేసవిలో నాకు అప్పగించారు. ఫెండర్ సంస్థ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్ పోలికలో చేసిన వాయిద్యం అది. మెడ వంగలేదు, తీగల కంపనాన్ని అందుకునే పికప్ పలుకుతోంది, ట్యూనింగ్ కీలు నాలుగూ బిగువుగానే ఉన్నాయి. పోయినవన్నీ చిన్న సామాన్లే: తీగలు ఆనే బ్రిడ్జి మీద ఎత్తు సరిచేసే మూడు స్క్రూలు, ఒక స్ప్రింగు, తల భాగంలో సన్నని తీగలను కిందికి అదిమి పట్టే బిళ్ల, నాదాన్ని మార్చే టోన్ నాబు, కేబులు గుచ్చే జాక్ నట్టు. అన్నీ కలిపినా పిడికెడు కావు గానీ, అవి లేకుండా ఆ గిటారు శ్రుతిలో నిలవదు.

ఎక్కువ శ్రమ ఆ మూడు స్క్రూల దగ్గరే పడింది. బేస్‌లో ఒక్కొక్క తీగ బ్రిడ్జిలోని ఒక్కొక్క శాడిల్ (చిన్న లోహపు దిమ్మ) మీద ఆని ఉంటుంది, ఆ శాడిల్ రెండు తలలేని స్క్రూల మీద, అంటే గ్రబ్ స్క్రూల మీద, రెండు కాళ్ల పీటలా నిలుస్తుంది. ఒక కాలు లేకపోతే శాడిల్ పక్కకు ఒరిగి, తీగ మెడ మీది లోహపు గీతలకు, అంటే ఫ్రెట్లకు, తగిలి గరగరమంటుంది. ఎవరో ఆ లోటును అగ్గిపుల్ల ముక్కతో పూరించారు. సెకనుకు సుమారు 41 సార్లు కంపించే లావు తీగ కింద మెత్తని పుల్ల ఉంటే నాదం చెక్కలోకి దిగేలోపే సగం చచ్చిపోతుంది.

గిటారు శాడిళ్ల కోసమని అమ్మే స్క్రూల పొట్లం ఒకటి తెప్పించాను. చూపుకు సరిగ్గా అలాంటివే. మొదటిది రెండు చుట్లు తేలికగా దిగి, మూడో చుట్టుకు బిగుసుకుంది. బలవంతంగా తిప్పకుండా ఆపి, శాడిల్ ఊడదీసి, నెల్లూరులో నాకు తెలిసిన లేత్ షాపుకు తీసుకువెళ్లడం ఈ మొత్తం పనిలో నేను చేసిన మంచి నిర్ణయం. మేస్త్రి మర కొలిచే గేజి పెట్టి చూసి, "తిప్పబాకయ్యా, రెంటికీ మర వేరు. ఇంకొంచెం తిప్పితే శాడిల్లో గాడి పోద్ది," అన్నారు.

విషయం ఇదీ. జపాన్ శాడిల్‌లో ఉన్నది మూడు మిల్లీమీటర్ల మెట్రిక్ మర, దాని చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 0.5 మిల్లీమీటరు. నేను తెప్పించినది అమెరికా కొలత స్క్రూ, దాని వ్యాసం 2.84 మిల్లీమీటర్లు, అంగుళానికి 40 చుట్లు. వ్యాసంలో తేడా కంటికి ఆనదు గానీ, పది మిల్లీమీటర్ల పొడవులో ఒకదానికి 20 చుట్లు వస్తే మరొకదానికి 16 కూడా పూర్తిగా రావు. అందుకే మొదట దిగినట్టే దిగి తరువాత పట్టేస్తుంది. అసలు పట్టని స్క్రూ కంటే కొద్దిగా పట్టే స్క్రూయే ప్రమాదకరమని నాకు అప్పుడే అర్థమైంది.

సరైన స్క్రూలు స్టోన్‌హౌస్‌పేటలో ఒక హార్డ్‌వేర్ కొట్టులోనే దొరికాయి. ఉప్పుగాలి తగిలే మన ప్రాంతంలో మామూలు ఇనుపవి త్వరగా తుప్పు పడతాయి కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకున్నాను. పొడవును కూడా చూసుకోవాలి. ఫ్రెట్లున్న పలక, అంటే ఫ్రెట్‌బోర్డు, మధ్యలో కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది కనుక నడిమి రెండు శాడిళ్లకు పొడవైనవి, అంచు శాడిళ్లకు పొట్టివి సరిపోతాయి. అంచున పొడవైనవి వేస్తే మొనలు పైకి పొడుచుకు వచ్చి, వాయించేటప్పుడు అరచేతికి గుచ్చుకుంటాయి. బిగించే ముందు మేస్త్రి పాత గాడిలో ట్యాప్ (మర కోసే పనిముట్టు) ఒకసారి నడిపి తుప్పు తీసేశారు.

నాబు విషయంలోనూ ఇదే చిక్కు: జపాన్ పాట్ (నాబు తిప్పే లోపలి భాగం) కాడ ఆరు మిల్లీమీటర్లు, అమెరికా నాబు రంధ్రం 6.35. పక్కన చిన్న స్క్రూతో బిగించే రకం కొని, కాడకు పలుచని రాగిరేకు ఒక చుట్టు చుట్టాక కదలడం మానింది. స్ప్రింగుకు పెన్నులోది కత్తిరించి వేశాను గానీ దాని తీగ మరీ సన్నం, అసలుది దొరికేదాకా మాత్రమే. జాక్ నట్టు కింద పళ్ల వాషరు తప్పక వేయాలి, లేకపోతే జాక్ తిరిగి తిరిగి లోపలి వైర్లు తెగుతాయి. తల మీది బిళ్లను మేస్త్రి ఇత్తడితో తిప్పి ఇచ్చారు. దాని స్క్రూ రంధ్రం వదులైపోయి ఉంటే, వెదురు పుల్లను ఫెవికాల్‌లో ముంచి దిగ్గొట్టి, ఒక రోజు ఆరనిచ్చి, స్క్రూకు సబ్బు రాసి బిగించాను. వేలు పెట్టకుండా మీటినప్పుడు సన్నతీగలో వినిపించే జివ్వుమనే చప్పుడు దానితో పోయింది.

తుడుస్తుండగా సన్నతీగ పక్కన, గిటారు ముఖం మీది రక్షణ రేకు, అంటే పిక్‌గార్డు, మీద మరో రెండు రంధ్రాలు కనిపించాయి. బొటనవేలితో మీటేవారు మిగిలిన వేళ్లు ఆన్చుకోవడానికి అక్కడ ఒక చిన్న పట్టీ ఉండేది. తొలినాటి బేస్‌లలో దానిని చెక్కతోనే చేసేవారు. మన ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చెక్కే పనివారికి ఈ పట్టీ పెద్ద పని కాదు. రంధ్రాల మధ్య దూరాన్ని కాగితం మీద అచ్చు తీసి ఉంచాను, వచ్చే నెల అటు వెళ్లినప్పుడు వారికి చూపిస్తాను.