కంచు మీద కిటికీ

మద్రాసు పూనమల్లి హైరోడ్డు మీది మన ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ కాలేజీలో, మా పెయింటింగ్ క్లాసు మూల ఒక కంచు బస్ట్, అంటే తల, భుజాల వరకే ఉన్న విగ్రహం, ఉండేది. ఎవరిదో పేరు చెక్కి లేదు. వెడల్పు నుదురు, ఒత్తు మీసం, మెడ మడతల్లో పచ్చటి చిలుము. ప్లాస్టర్ తలలు బొగ్గుతో గీసి గీసి చెయ్యి కుదిరాక, దాన్ని ఆయిల్ రంగుల్లో వెయ్యమన్నారు సార్.

ప్లాస్టర్ మీద వెలుగు మెల్లగా నీడలోకి దిగుతుంది. ఆ దిగడం పట్టుకుంటే గుండ్రదనం వచ్చేస్తుంది. కంచు అలా కాదు. చిక్కటి నలుపు పక్కనే చటుక్కున మెరుపు. నీడ ఉండాల్సిన దవడ కింద నేల ఎరుపు తేలుతుంది. చెంప మీద కిటికీ వంగి కనిపిస్తుంది. తెల్లచొక్కాతో దగ్గరికెళితే ముక్కు పక్కన మన చొక్కాయే! "కంచు రంగు ట్యూబులో దొరకదురా. గదిలో ఏముందో చూడు, దాని మీద అదే ఉంటుంది" అనేవారు సార్. ఒక్క అడుగు జరిగితే మెరుపులన్నీ జరిగిపోతాయి కాబట్టి, బొమ్మ నిలబెట్టే ఈజెల్ కాళ్ల చుట్టూ, మా పాదాల చుట్టూ సుద్దతో గీతలు గీయించారు.

నల్ల ట్యూబు ముట్టనిచ్చేవారు కాదు. ముదురు గోధుమరంగు బర్న్ట్ అంబర్‌లో నీలం అల్ట్రామెరైన్ కలిపితే వచ్చే నలుపే నలుపు. మొదటి పూత టర్పెంటైన్‌తో పల్చగా అంబర్. అందులో మాంగనీసు ఉంటుంది కనుక త్వరగా ఆరుతుంది. పై పూతల్లో లిన్సీడ్ నూనె పెంచుకుంటూ పోవాలి, తిరగేస్తే పగుళ్లే. మెరుపుకి ఉత్త తెలుపు పెడితే పింగాణీ బొమ్మ అయిపోతుంది. లోహం తన మీద పడ్డ వెలుగుకి తన రంగు పులిమి పంపుతుంది, అందుకని తెలుపులో కాస్త ఎల్లో ఆకర్, అదే మట్టి పసుపు, ఉండాల్సిందే. చిలుము మాత్రం మెరవదు. అక్కడ పొడి బ్రష్‌తో విరిడియన్ పచ్చ, ఆకర్, తెలుపు రుద్దేవాళ్లం. ఆ మొద్దు పచ్చదనం పక్కన పడ్డాకే మిగతాదంతా లోహంలా నిలబడింది. నాకైతే ఆ మెడ దగ్గరే అన్నిటికన్నా ఆనందం.

కళ్ల దగ్గర అసలు పరీక్ష. శిల్పి కనుపాపని గుంటగా తవ్వి, వెలుగు పట్టడానికి చిన్న లోహపు ముక్క వదిలాడు. చెయ్యి ఊరుకోదు, బతికున్న కన్ను వేసేస్తానంటుంది. "మనిషిని శిల్పి చూశాడు. నువ్వు శిల్పి చేసింది చూడు" అని ఆపేవారు.

చూపు పదునెక్కాలని ఎగ్మూర్ మ్యూజియంలో చోళుల కంచు విగ్రహాల ముందు కూర్చోబెట్టేవారు. మెరీనాకీ పంపేవారు. 1929 నుంచి 1957 దాకా మన కాలేజీని నడిపిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన 'శ్రమ విజయం' కంచు శిల్పం 1959 నుంచి అక్కడే ఉంది. బండను కదిలిస్తున్న ఆ నలుగురి భుజాల పైన ఆకాశం, కండల అడుగున ఇసుక వెలుగు. మన ప్రిన్సిపాల్ చేతి పని అని చెప్పుకోవడం ఇప్పటికీ నాకు గర్వం.

ఇప్పటి పిల్లలకు ఒక్క విన్నపం. కంచుని ఫోన్ ఫొటో చూసి వెయ్యకండి. ఫొటోలో మెరుపు తెల్లగా పేలిపోతుంది, నీడ నల్లగా మూసుకుపోతుంది. దవడ కింది ఎరుపు అందులో రాదు.