గిబియోను విషయంలో అడగలేదు, గిబియోనులో అడిగాడు

యెరూషలేముకు వాయవ్యంగా సుమారు 10 కిలోమీటర్ల దూరంలో గిబియోను అనే ఊరు ఉండేది. దేవుని జ్ఞానాన్ని వెదకడం గురించి బైబిలు నేర్పే రెండు పెద్ద పాఠాలు ఈ ఒక్క ఊరి చుట్టూనే ఉన్నాయి. ఆ ఊరి విషయంలో మోషే తరువాత నాయకుడైన యెహోషువా ఇశ్రాయేలు పెద్దలూ దేవుణ్ణి అడగలేదు. కొన్ని వందల ఏళ్ళ తరువాత సొలొమోను రాజు అదే ఊళ్ళో దేవుణ్ణి అడిగాడు.

మొదటి సంగతి యెహోషువ 9వ అధ్యాయంలో ఉంది. ఇశ్రాయేలీయుల చేతిలో యెరికో, హాయి పట్టణాలు కూలిన వార్త విని గిబియోనువాళ్ళు ఒక ఉపాయం పన్నారు. గాడిదల మీద పాత గోనెలు వేశారు. చినిగి కుట్టిన ద్రాక్షారసపు తిత్తులు తెచ్చారు. మాసికలు వేసిన చెప్పులు తొడుక్కున్నారు, పాతబట్టలు కట్టుకున్నారు, ఎండి బూజుపట్టిన రొట్టెలు మూటగట్టుకున్నారు. చాలా దూరదేశం నుంచి వస్తున్నాం, ఇల్లు విడిచిన రోజు ఈ రొట్టె వేడిగా ఉంది, ఇప్పుడెలా అయిందో చూడండి అన్నారు. పెద్దలు గుడ్డిగా నమ్మలేదు. మీరు ఇక్కడివాళ్ళే అయితే మీతో నిబంధన, అంటే ఒప్పందం, ఎలా చేస్తాం అని నిలదీశారు కూడా. ఆ తరువాత రొట్టె చూసి ఒప్పుకున్నారు. 14వ వచనం ఒక్క ముక్కలో చెబుతుంది: "యెహోవాచేత సెలవు పొందకయే", అంటే ఆయన్ని అడగకుండానే, వాళ్ళ ఆహారం పుచ్చుకున్నారు. మూడు రోజులు గడిచాక అసలు సంగతి బయటపడింది. వాళ్ళు పక్కనే ఉన్న ఊరివాళ్ళు. ప్రమాణం మాత్రం అప్పటికే అయిపోయింది.

ఇక్కడ బాగా గమనించాలి. వాళ్ళు సోమరితనంతో ప్రార్థన మానలేదు. కళ్ళకు కనిపించే ఆధారాలు సరిపడా ఉన్నాయి కాబట్టి అడగాలని అనిపించలేదు. యెహోషువ యాజకుడైన ఎలియాజరు ఎదుట నిలవాలి, అతడు ఊరీము ద్వారా (దేవుని చిత్తం తెలుసుకోవడానికి యాజకుడు వాడే సాధనం) యెహోవా తీర్పు తెలుసుకోవాలి అని దేవుడు సంఖ్యాకాండము 27:21లో ముందే ఏర్పాటు చేశాడు. దారి దగ్గరలోనే ఉంది. మనం చేసేదీ చాలావరకు ఇదే. అబ్బాయి ఉద్యోగం చూస్తాం, ఇల్లు చూస్తాం, అమ్మాయి ఫొటో చూస్తాం. స్థలం కాగితాలు చూసి అడ్వాన్సు కట్టేస్తాం. నిశ్చితార్థం తేదీ ఖాయమయ్యాక పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయిస్తాం. అది జ్ఞానం అడగడం కాదు, మనం తీసుకున్న నిర్ణయం మీద ముద్ర వేయమని అడగడం.

అలా అడగకుండా నిర్ణయం తీసుకుని ఇప్పుడు బాధపడుతున్నవాళ్ళు ఈ కథను 9వ అధ్యాయంతో ఆపేయకూడదు. యెహోషువ ఇచ్చిన మాట తప్పలేదు. గిబియోనీయులు దేవుని బలిపీఠానికి కట్టెలు నరికేవాళ్ళుగా, నీళ్ళు తోడేవాళ్ళుగా స్థిరపడ్డారు. తరువాతి అధ్యాయంలో వాళ్ళ మీదికి ఐదుగురు రాజులు దండెత్తితే దేవుడే యుద్ధం చేశాడు. సూర్యుడు నిలిచింది కూడా గిబియోనులోనే. గిబియోనీయులకు ఇచ్చిన ఆ మాటను తరువాత సౌలు రాజు తప్పాడు. దానికి దావీదు కాలంలో మూడేళ్ళు కరవు వచ్చిందని 2 సమూయేలు 21 చెబుతుంది. కాబట్టి ప్రార్థించకుండా చేసుకున్న పెళ్ళిని 'ఇది దేవుని చిత్తం కాదు' అని తెంచుకోవడం ఆ తప్పుకు పరిష్కారం కాదు. హింస, ప్రాణభయం ఉన్న ఇంటి సంగతి వేరు. అక్కడ ముందు మనిషిని కాపాడాలి.

ఇక సొలొమోను. అప్పటికి దేవాలయం కట్టలేదు. మోషే చేయించిన గుడారం, బెసలేలు చేసిన ఇత్తడి బలిపీఠం గిబియోనులో ఉన్నాయని 2 దినవృత్తాంతములు 1వ అధ్యాయం చెబుతుంది. సొలొమోను అక్కడ 1,000 దహనబలులు అర్పించాడు. రాత్రి దేవుడు కలలో కనిపించి, ఏమి కావాలో అడుగు అన్నాడు. నేను బాలుణ్ణి, పనులు ఎలా నడపాలో నాకు తెలియదు, ఇంత గొప్ప జనానికి న్యాయం తీర్చడానికి "వివేకముగల హృదయము దయచేయుము" అన్నాడు సొలొమోను. ఆ ప్రార్థనలో మూడు సంగతులున్నాయి: తనకు తెలియదని ఒప్పుకున్నాడు, ఏ పనికోసమో చెప్పాడు, ఆ పని ఎవరి మేలుకోసమో చెప్పాడు. దీర్ఘాయువు, ఐశ్వర్యం, శత్రువుల ప్రాణం అడగలేదని దేవుడు సంతోషించాడు.

మన సండేస్కూలు పాఠాలు సాధారణంగా ఇక్కడికి ముగుస్తాయి. కానీ ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయం తెరిచి పక్కన పెట్టుకుని 1 రాజులు 10, 11 అధ్యాయాలు చదవండి. రాజు గుర్రాలు పోగుచేయకూడదు, వాటికోసం ఐగుప్తు వైపు చూడకూడదు. అనేకమంది స్త్రీలను పెళ్ళాడకూడదు. వెండి బంగారాలు విస్తారంగా కూడబెట్టకూడదు. ఈ మూడింటి తరువాత నాలుగో ఆజ్ఞ ఉంది: ధర్మశాస్త్రానికి ఒక ప్రతి తనకోసం రాసుకుని, బతికినన్నాళ్ళూ రోజూ చదవాలి. సొలొమోనుకు 1,400 రథాలు, 12,000 మంది రౌతులు. గుర్రాలు ఐగుప్తు నుంచే వచ్చాయి. ఏడాదికి 666 తలాంతుల బంగారం. 700 మంది భార్యలు, 300 మంది ఉపపత్నులు. మూడింటినీ ఒక్కటీ మిగలకుండా మీరాడు. రోజూ చదివిన దాఖలా ఎక్కడా కనిపించదు. దేవుడు అతనికి రెండుసార్లు ప్రత్యక్షమయ్యాడని 1 రాజులు 11:9 బాధగా గుర్తు చేస్తుంది. గిబియోనులో పొందిన జ్ఞానం అబద్ధం కాదు. కానీ జ్ఞానం ఒకసారి అడిగి దాచుకుంటే సరిపోయే ఆస్తి కాదు. ఇరవై ఏళ్ళ క్రితం బాప్తిస్మం పొందినప్పుడు కలిగిన వెలుగుతో ఈరోజు నిర్ణయం తీసుకోలేం.

అందుకే యాకోబు 1:5ను రోజూ వాడుకోవాల్సిన వాక్యంగా చదవాలి. "మీలో ఎవనికైనను జ్ఞానము కొదువగా ఉన్నయెడల అతడు దేవుని అడుగవలెను, అప్పుడది అతనికి అనుగ్రహింపబడును. ఆయన ఎవనిని గద్దింపక అందరికిని ధారాళముగ దయచేయువాడు." ఇందులో మనసుకు పట్టాల్సిన మాట 'గద్దింపక' అన్నది. నిన్న చెప్పింది ఎందుకు వినలేదని నిలదీసి ఆయన వెనక్కి పంపడు. ఈ వచనానికి ముందున్న మూడు వచనాలు శోధనల గురించి. కాబట్టి ఇది పరీక్షలో మార్కులకోసం ఇచ్చిన వాగ్దానం కాదు. కష్టంలో ఎలా నడవాలో తెలియనివాళ్ళకు ఇచ్చింది.

తరువాతి వచనాలు చాలామందిని భయపెడతాయి: సందేహించేవాడు సముద్ర తరంగంలాంటివాడు, అతనికి ఏమీ దొరకదు. మనసులో ఏ కాస్త భయం కదిలినా ప్రార్థన చెల్లదని దీని అర్థం కాదు. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయముచేయుము" అన్న తండ్రిని ప్రభువు తోసేయలేదు, అతని కుమారుణ్ణి బాగుచేశాడు. యాకోబు తప్పుపట్టేది రెండు మనసులతో అడగడాన్ని: దేవుడు ఏమంటాడో విందాం, నచ్చకపోతే మన దారి మనకు ఉంది కదా అనుకోవడం.

దీనికి మందు ఏమిటంటే, అడిగే ముందు కాగితం మీద రాయడం. పేజీకి ఎడమవైపు ఉన్న వాస్తవాలు, కుడివైపు నా మనసు ముందే ఎటు మొగ్గిందో. ఒక తండ్రికి కొడుకు సంబంధం వచ్చిందనుకోండి. ఎడమవైపు అమ్మాయి చదువు, విశ్వాసం, కుటుంబం. కుడివైపు నిజాయితీగా రాస్తే 'వాళ్ళు పది లక్షలు ఇస్తామన్నారు, అందుకే నాకు ఇష్టంగా ఉంది' అని రావచ్చు. ఆ వాక్యం రాసే ధైర్యం వచ్చాకే ప్రార్థన మొదలవుతుంది. లేకపోతే యాకోబు 4:3 చెప్పినట్టు మన భోగాలకోసం దురుద్దేశంతో అడుగుతాం, ఏమీ దొరకదు.

తోచిన ఆలోచన దేవునిదేనా అని పరీక్షించడానికి యాకోబు 3:17 ఉంది. పైనుండి వచ్చే జ్ఞానం "మొట్టమొదట పవిత్రమైనది, తరువాత సమాధానకరమైనది". ఈ వరుస తారుమారు చేయకూడదు. మన ఇళ్ళలో గొడవ రాకూడదని, అంటే సమాధానం పేరుతో, పవిత్రతను వదిలేస్తాం. అదే సంబంధం తీసుకోండి. అబ్బాయికి ఉన్న జబ్బు, అప్పు దాచిపెడితేనే పెళ్ళి కుదురుతుందంటే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోవాలి. ఎంత ప్రార్థించినా, ఎన్ని శుక్రవారాలు ఉపవాసం ఉన్నా ఆ ఆలోచన పైనుండి వచ్చింది కాదు. ఆ జ్ఞానం సులభముగా లోబడునది, కనికరంతో నిండినది, పక్షపాతమూ వేషధారణా లేనిది అని కూడా అదే వచనం అంటుంది. కట్నం తీసుకోవడం కనికరంతో నిండిన పనేనా? మన అమ్మాయి పెళ్ళికి కట్నం పాపమని, అబ్బాయి పెళ్ళికి ఆశీర్వాదమని అనుకుంటున్నామా? అది పక్షపాతం. ఎవరైనా పెద్దలు వద్దంటే వినడానికి సిద్ధమా? 'సులభముగా లోబడునది' అంటే అదే. వేషధారణ లేనిది అంటే ఈ లెక్క సంఘం ముందు పైకి చెప్పగలగాలి. పెళ్ళి విషయంలో ఈ ఒక్క వచనాన్ని నిజంగా పాటిస్తే మన సంఘాల్లో ఎన్ని కుటుంబాల కన్నీళ్ళు ఆగుతాయో!

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు తీసుకోవడం మనకు ప్రియమైన అలవాటు. ఏడాదంతా ఒక వాక్యం గుర్తుంచుకోవడానికి అది మంచిదే. కానీ ఆ కార్డునుబట్టి ఇల్లు కొనాలా, దుబాయ్ వెళ్ళాలా అని తేల్చుకోవడం మొదలుపెడితే చిక్కు. కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టిన చోట జవాబు చూసుకోవడమూ అలాంటిదే. ఎక్కువమందికి వచ్చే కార్డు యిర్మియా 29:11, దేవుడు మనకోసం ఉద్దేశించినవి సమాధానకరమైనవని చెప్పే వచనం. అది బబులోను చెరలో ఉన్నవాళ్ళకు రాసిన ఉత్తరంలోది. దాని ముందు వచనం 70 ఏళ్ళు గడవాలంటుంది. 5వ వచనం ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి అంటుంది. 7వ వచనం ఆ పరాయి పట్టణపు క్షేమంకోసం ప్రార్థించమంటుంది. ఉత్తరం మొత్తం చదివినవాడికి జ్ఞానం దొరుకుతుంది, ఒక్క వచనం పట్టుకున్నవాడికి ఊరట మాత్రమే మిగులుతుంది. కార్డు వచ్చిన రాత్రే ఆ అధ్యాయం మొత్తం చదివే అలవాటు చేసుకుంటే చాలు.

పెద్దల సలహా గురించి సామెతలు 15:22 చెబుతుంది, ఆలోచన చెప్పేవారు ఎక్కువమంది ఉంటే ఉద్దేశాలు దృఢపడతాయని. ఇక్కడ జరిగే పొరపాటు రెహబాముది. సొలొమోను కొడుకై ఉండి, భారం తగ్గించమని జనం అడిగితే మూడు రోజులు గడువు అడిగాడు, పెద్దలను అడిగాడు, వాళ్ళ మాట నచ్చక తనతో పెరిగిన కుర్రవాళ్ళను అడిగాడు, తనకు ఇష్టమైన జవాబు వచ్చాక ఆగాడు. అతని రాజ్యం నుంచి పది గోత్రాలు విడిపోయాయి. ఎవరిని అడగాలో ముందే రాసుకోండి: ఇద్దరో ముగ్గురో, అందులో మన డబ్బుతో గానీ మన మెప్పుతో గానీ పనిలేనివారు ఒక్కరైనా ఉండాలి. వాళ్ళు చెప్పాక కొత్తవాళ్ళను వెదకొద్దు.

ఇన్ని చేసినా జ్ఞానమంటే సరైన నిర్ణయాల చిట్టా మాత్రమే అనుకుంటే తృప్తి దొరకదు. సొలొమోను దేవాలయాన్ని ఏడేళ్ళు, తన రాజభవనాన్ని 13 ఏళ్ళు కట్టించాడు. ప్రసంగి 2వ అధ్యాయంలో తోటలు, చెరువులు, పాటగాళ్ళు అన్నీ లెక్కపెట్టి చివరికి అంతా గాలికి ప్రయాసపడినట్టుందని రాశాడు. పౌలు బంధకాలలో ఉండి ఫిలిప్పీయులకు రాస్తూ, ఏ స్థితిలో ఉన్నా సంతృప్తిగా ఉండటం నేర్చుకున్నానన్నాడు. పరీక్ష హాలు బయట అందరూ పలికే "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న మాట ఆ వెంటనే వస్తుంది. ఆకలిలోనూ కడుపు నిండినప్పుడూ నిలబడే బలం గురించి అది. బుద్ధి జ్ఞానముల సర్వసంపదలు క్రీస్తునందే గుప్తములై ఉన్నాయని కొలొస్సయులకు 2:3 అంటుంది. ఆయన్ను వదిలి జ్ఞానాన్ని పట్టుకోవడం కుదరదు. షేబ దేశపు రాణి సొలొమోను దగ్గరికి వచ్చిన సంగతి చెప్పి, సొలొమోనుకంటె గొప్పవాడు ఇక్కడ ఉన్నాడని ఆయనే చెప్పాడు.

రోజూ ఆయన దగ్గర కూర్చోవడానికి సామెతలు మంచి ఆరంభం. 31 అధ్యాయాలు, తేదీకి ఒకటి. పైకి చదివితే ఐదు నిమిషాలు. 1 నుంచి 9 వరకు తండ్రి కొడుకుకు చెప్పే వరుస మాటలు, కాబట్టి సాఫీగా సాగుతాయి. 10 నుంచి చాలావరకు విడివిడి వచనాలే, వేగంగా చదివితే ఒక్కటీ నిలవదు. రోజుకు ఒక వచనం ఎంచుకుని నోటు పుస్తకంలో రాసి, ఆరోజు ఎవరితో మాట్లాడేటప్పుడు అది కావాలో పక్కన రాయండి. సామెతలో ఉన్నది లోకం సాధారణంగా నడిచే తీరు, ప్రతి ఇంటికీ రాసిచ్చిన హామీ కాదు. మూర్ఖునికి జవాబివ్వొద్దని 26:4, ఇవ్వమని 26:5 పక్కపక్కనే ఉన్నాయి. ఎప్పుడు ఏదో తెలియడమే జ్ఞానం. బాలుణ్ణి నడవాల్సిన త్రోవలో పెంచమన్న 22:6ను దారితప్పిన బిడ్డ తల్లిమీద రాయిలా విసరకండి.

30వ తేదీన, 30వ అధ్యాయంలోని మాటలు పలికిన ఆగూరు ప్రార్థన వస్తుంది. సామెతల గ్రంథంలో నేరుగా దేవునితో మాట్లాడిన ప్రార్థన అదే. 31 లేని నెలల్లో ఆరోజు రెండు అధ్యాయాలు చదవాలి కాబట్టి హడావిడిలో దీన్ని దాటేస్తాం. ఫిబ్రవరిలోనైతే మిగిలిన అధ్యాయాలన్నీ నెల చివరి రోజు మీద పడతాయి. ఆరోజు కుటుంబ ప్రార్థనలో పిల్లలతో సహా అందరూ కలిసి దీన్ని పైకి చదవండి: "పేదరికమునైనను ఐశ్వర్యమునైనను నాకు దయచేయకుము, తగినంత ఆహారము నాకు అనుగ్రహింపుము." ఎక్కువైతే నిన్ను మరిచి యెహోవా ఎవడని అంటానేమో, తక్కువైతే దొంగతనం చేసి నీ పేరు దూషిస్తానేమో అని కారణం కూడా ఆగూరు తరువాతి వచనంలో చెప్పాడు.