తొడ ఎముకకు రాడ్: నావిగేషన్ చేసిపెట్టిన పని

నా తొడ ఎముక నడిమధ్యలో విరిగి ముక్కలైంది. మజ్జ ఉండే గొట్టంలోకి పైనుంచి రాడ్ దించి, రెండు చివర్లా అడ్డంగా స్క్రూలు బిగించారు. ఇది పాత పద్ధతే. నా ఆపరేషన్‌లో దానికి తోడైంది కంప్యూటర్ నావిగేషన్, అంటే డ్రిల్ ఎటు పోతుందో తెర మీద చూపించే ఏర్పాటు.

పై స్క్రూలకు రాడ్‌కు తగిలించిన జిగ్ (డ్రిల్‌కు దారి చూపే చట్రం) సరిపోతుంది. చిక్కంతా మోకాలి దగ్గరే. ఎముక వంపుకు రాడ్ లోపల కాస్త వంగుతుంది కాబట్టి, రాడ్‌లో కింది స్క్రూ పట్టే రంధ్రం జిగ్ చూపిన చోట ఉండదు. మామూలుగా సీ-ఆర్మ్ (ఆపరేషన్ బల్ల దగ్గరే తిప్పగలిగే ఎక్స్‌రే యంత్రం) బొమ్మలో ఆ రంధ్రం గుండ్రంగా కనబడేదాకా తిప్పి, మళ్లీ మళ్లీ ఫొటో తీస్తూ డ్రిల్ చేస్తారు. నావిగేషన్‌లో అయితే ఎముకకు పిన్నులతో ఒక ట్రాకర్, డ్రిల్‌కు మరొకటి బిగిస్తారు. వాటి మీది మెరిసే గోళీలను ఇన్‌ఫ్రారెడ్ కెమెరా కనిపెడుతూ ఉంటే, ముందే తీసిన ఎక్స్‌రేల మీద డ్రిల్ పోయే దారి గీతలా కదులుతుంది. ఎక్స్‌రేలు చాలా తగ్గుతాయి.

ట్రాకర్ వదులైతే మాత్రం తెర మీద బొమ్మ చక్కగానే ఉంటుంది, లెక్కే తప్పుతుంది. సన్నటి డ్రిల్ బిట్ గట్టి ఎముక మీద జారి వంగినా కంప్యూటర్‌కు తెలియదు. అందుకే ఆఖర్న అసలు ఎక్స్‌రే తీసి చూడాల్సిందే.

నా దృష్టిలో దీని అసలు మేలు మెలిక దగ్గర. కింది ముక్క లోపలికో బయటికో తిరిగిపోతే మామూలు ఎక్స్‌రేలో తేలిగ్గా దొరకదు. రెండు ముక్కలకూ చెరో ట్రాకర్ పెడితే కోణం అంకెల్లో కనిపిస్తుంది, మంచి కాలి కోణంతో సరిపోల్చుకోవచ్చు. తేడా 15 డిగ్రీలు దాటితే సాధారణంగా మెలిక పడినట్టే లెక్క. అయినా ఇంటికి వచ్చాక వెల్లకిలా పడుకుని రెండు పాదాలూ ఒకేలా వాలాయా అని చూసుకోండి. అనుమానం వస్తే రెండు తొడలకూ సీటీ స్కాన్ అడగండి, ఆలస్యం చేయొద్దు. అతకకముందైతే ఒక చివరి స్క్రూలు తీసి, తిప్పి, మళ్లీ బిగిస్తే సరిపోతుంది. అతికాక ఎముకనే కోయాలి.

కోలుకోవడంలో కంప్యూటర్ పాత్రేమీ లేదు. పాదం ఆడించడం, తొడ కండరం బిగించి వదలడం, మోకాలు వంచడం, రక్తం గడ్డకట్టకుండా మందు అందరికీ ఉన్నవే. ట్రాకర్ పిన్నుల గాట్లు అదనం, అక్కడ ఎరుపు, చీము ఉన్నాయేమో చూసుకోవాలి. మోకాలి బయటి వైపు స్క్రూ తల ఒరుసుకుని నొప్పి పుట్టించవచ్చు.

ముందు నుంచి, పక్క నుంచి తీసిన ఎక్స్‌రేల్లో ఎముక నాలుగు గోడలు కనిపిస్తాయి. వాటిలో మూడింటికి కొత్త ఎముక వంతెన కడితే అతికినట్టు. నాకు బయటి గోడా వెనక గోడా ఆలస్యంగా నిండాయి. అప్పటిదాకా వాకర్ వదల్లేదు.